పోస్టుకార్డు దూరని గోడ

విశాఖపట్నం వెళ్ళొచ్చానంటే చాలు, ఎవరైనా మొదట అడిగేది సముద్రం సంగతే. నేను అక్కడ మూడు రోజులున్నాను. సముద్రం బస్సు కిటికీలోంచి రెండుసార్లు కనిపించింది, అదీ ఓడల మధ్య సందుల్లోంచి. సింహాచలం కొండ ఎక్కలేదు. యారాడ కొండ మీది లైట్‌హౌసు దగ్గరికి పోలేదు. నేను వెళ్ళి చూసొచ్చింది ఒక గుండ్రటి గోడని. మీరు ఇప్పుడు వెళ్ళినా అది కనిపించదు, ఎందుకంటే దాని లోపల నిప్పు వేసేశారు.

ఇది ఎనిమిది నెలల కిందటి మాట. ఎనభైలు ఆఖరుకొచ్చాయి, అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. రాజమండ్రిలో నా స్టూడియోకి మా బావ అప్పలనాయుడి దగ్గర్నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. బావది గాజువాక పక్క పల్లె. కుర్రతనంలో మా వైపు ఇటుక బట్టీల్లో పనికొచ్చి, ఇటుకలతోపాటు మా అక్క సత్యవతిని కూడా చూసుకుని వెళ్ళాడు. తరవాత ఫ్యాక్టరీలో కొలిమి ఇటుక కట్టే మేస్త్రీ అయ్యాడు. కార్డు మీద నాలుగే ముక్కలున్నాయి. "స్టవ్వు పనయిపోనాది. గురువారం మూసేత్తారు. మరింక మనిషన్నవోడు లోనకెల్లడు. నీ జర్మనీ కన్ను అట్టుకుని ఎంటనే రా."

జర్మనీ కన్ను అంటే నా వైడ్ యాంగిల్ లెన్సు. పెద్ద యుద్ధానికి ముందుది. ఇత్తడి గొట్టం, దాని మధ్యలో బొటనవేలి గోరంత అద్దం. షట్టరు కూడా లేదు, మూత తీస్తే ఫొటో మొదలు, మూత పెడితే ఆఖరు. దాన్ని మా గురువుగారు తన నూట ఇరవై సైజు రోలు ఫిల్ము కెమెరాకి బిగించుకుని, పోయేముందు రెండూ నాకిచ్చారు. రోలుకి ఎనిమిదే ఫొటోలు. ఒక్కో నెగటివు రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది.

ఇరుకింట్లో గోడకి వీపు ఆనించి నిలబడినా గది మొత్తం పట్టేస్తుంది ఆ లెన్సు. దాని తప్పు ఒకటే, అంచున ఉన్న మనుషుల్ని అడ్డంగా సాగదీస్తుంది. పెళ్ళి ఫొటోల్లో అంచున నిలబడిన మేనత్తలు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ఆ మాటే ఒకసారి గురువుగారితో అంటే, "అంచుని సాగదీస్తుందిరా, లేనిదాన్ని మాత్రం పుట్టించదు," అన్నారు. ఆ మాట నేను స్టూడియోకి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతూ ఉంటాను. ఈ ప్రయాణంలో అదే నా మెడకి చుట్టుకుంది.

తునికి ముందు

మంగళవారం పొద్దున్న రైలెక్కాను. కెమెరా పెట్టెని పై బల్ల మీద పెట్టి, కొత్త కోడలి నగల మీద అత్తగారు కన్నేసినట్టు దాని మీదే కన్నేసి కూర్చున్నాను. కాఫీవాడికి చిల్లర ఇవ్వడానికి తల తిప్పానో లేదో, పలాస వెళ్తున్న జీడిపప్పు వ్యాపారి ఒకాయన టిఫిను తీసుకుందామని తన మూట లాగాడు. మూట వెనకాలే నా పెట్టె కూడా దిగింది. నేల మీద పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

తెరిచి చూశాను. అద్దం పగల్లేదు. కానీ లెన్సుని కెమెరాకి బిగించే ఇత్తడి రింగు వంకరపోయి, దాని మరలు చితికిపోయాయి. లెన్సు వదులు పన్నులా ఊగుతోంది.

"గాజు పగల్లేదు కదండీ, మరేటవ్వదు," అన్నాడాయన.

"మీకేమవుతుంది? ఎల్లుండి మూసేస్తారు, రేపు ఫొటో తీయాలి నేను!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏం మూసేస్తారో తెలియక నా మొహంలోకి చూశారు.

ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. గుప్పెడు జీడిపప్పు నా చేతిలో పోశాడు. "ఇత్తడిదేనా అది? అలాగైతే టేసన్లో దిగి తిన్నగా వన్ టౌన్ ఎల్లండి. మస్తాన్ గారని ఉన్నారు. ఆయన సేయనేని ఇత్తడి పని నేదు." కోపంగానే తిన్నాను. పప్పు చాలా బాగుంది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

వన్ టౌన్

విశాఖ రిక్షావాళ్ళు మావాళ్ళలాగా బేరమాడరు. ఒక మాట చెప్పి ఊరుకుంటారు, నచ్చితే ఎక్కాలి. మూడు రూపాయలన్నాడు, ఎక్కాను. సన్నటి సందులు, ఎండు చేపల వాసన, మధ్యమధ్య ఓడ కూత. మసీదు దాటాక ఒక రేకుల కొట్టంలో మస్తాన్ గారి లేతు మిషను ఉంది. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు కాడకి దారం చుట్టుకున్నాడు. కొట్టం నిండా ఓడల్లోంచి ఊడదీసిన ఇత్తడి ముక్కలు.

లెన్సుని అటూ ఇటూ తిప్పి, అద్దాన్ని ముట్టుకోకుండా ఊది చూసి, "అచ్ఛా మాలు," అన్నాడు. "రేపొద్దున రండి."

"రేపొద్దున ఏడింటికి నేను ఫ్యాక్టరీలో ఉండాలి సాయెబు గారూ."

"పనికి తొందరుంటాది బాబూ, పనోడికి ఉండకూడదు," అని నన్నో స్టూలు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మిషను తిప్పడం మొదలెట్టాడు.

రెండు గంటలు కూర్చున్నాను. ఒక ఓడ కిటికీ చట్రంలోంచి కోసిన ఇత్తడి తునక ఆయన చేతిలో రింగైంది. మర బిగిసింది గానీ, వెనక ఫిల్ము వచ్చే చోట పెట్టి చూసుకునే గరుకు అద్దం మీద బొమ్మ ఒక పక్క పదునుగా, ఒక పక్క మసకగా వచ్చింది.

"వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. "తేడా నేని పని అల్లాకే సాధ్యం బాబూ. తేడా ఎంతున్నాదో కొలిసి సెప్పడమే నా పని." జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, లోపలి పలచటి కాగితం ముక్క చింపి, రింగు కింద ఒక పక్కన పెట్టి మళ్ళీ బిగించాడు. గరుకు అద్దం మీద ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు, మిషను, సూదిలో దారంతో సహా కనిపించింది. పదిహేను రూపాయలు తీసుకున్నాడు. మా ఊళ్ళో ఇరవై అడిగి, పని వారం తరవాత ఇచ్చేవాళ్ళు.

గాజువాక

సిటీ బస్సు పోర్టు పక్కనుంచి వెళ్ళింది. ఇనుప ఖనిజం ఎర్ర దుమ్ము చెట్ల మీద, కరెంటు స్తంభాల మీద, నా తెల్ల చొక్కా మీద కూడా పడింది. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. పక్క సీటాయన లోపల గుడ్లున్నాయా అని అడిగాడు.

అక్క కోనాం చేప పులుసు పెట్టింది. పులుసులో బెల్లం వేయడం అక్కడి అలవాటు. పన్నెండేళ్ళ కాపురంలో చేతికి వచ్చేసింది, మాటకీ వచ్చేసింది. బావని ఎదురుగా పెట్టుకుని నాతో మొదలెట్టింది.

"రెండేళ్ళబట్టి కట్టేరు, కట్టేరు, కట్టేరు. గోడేదీ అంటే సూపించరు! మన ఊళ్ళో మేస్త్రీ అయితే ఇదిగో నేను కట్టిన మేడ అని పెళ్ళానికి సూపిత్తాడు. ఈయనేటో దుమ్ము కొట్టుకుని వొత్తారు, అంతే."

"అందుకే కదే నీ తమ్ముణ్ణి రమ్మన్నాను," అన్నాడు బావ.

ఆయన కట్టే గోడ సంగతి ఆ రోజే నాకు అర్థమైంది. వేడికి తట్టుకునే ఇటుకలు, ఒక్కోటి చంటిపిల్ల బరువు. సున్నం, సిమెంటు ఉండవు, పలచటి బంకలో ముంచి అంటించడమే. "రెండిటికల మధ్యన పోస్టుకార్డు దూరకూడదు. దూరిందా, ఇటిక ఇప్పీసి మళ్ళీ కట్టాల," అన్నాడు. నేను తెచ్చిన ఆయన కార్డునే తీసి, దాని అంచు నా కంటి ముందు పట్టి చూపించాడు.

ఇంకో సంగతి అక్క చెప్పింది. ఇక్కడ ఇటుక పని ఈ స్టవ్వుతో సరి. వేరే రాష్ట్రంలో ఇలాంటిదే మొదలవుతోంది, మూడేళ్ళ పని, క్వార్టరు కూడా ఇస్తారు. తొమ్మిది మంది మేస్త్రీల్లో ఆరుగురి పేర్లు ఇంజనీరు గారు గురువారం మధ్యాహ్నం పంపిస్తారు. మొదటి పేరు బావదే. లేకపోతే మళ్ళీ గాజువాక జంక్షన్లో తాపీ పట్టుకుని రోజు కూలీకి నిలబడాలి. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. అక్క ఇదంతా చేప ముల్లు తీస్తూ మామూలుగానే చెప్పింది గానీ, ఆవిడ రెండుసార్లు ఒకే ముక్కని నా కంచంలో వేసి తీసింది.

స్టవ్వు లోపల

స్టవ్వంటే వంటింట్లోది కాదు. ఇనుము కరిగించే పెద్ద కొలిమికి వేడి గాలి పంపించే ఇనుప బురుజు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తుంది. ఒకసారి నిప్పు పెడితే ఏళ్ళ తరబడి చల్లారనివ్వరట, చల్లారితే ఇటుక పగిలిపోతుందట.

గేటు దగ్గర కాపలావాడు ఇత్తడి గొట్టాన్ని చూసి, "ఇదేటి, తుపాకీనా?" అని పెట్టంతా బయట పెట్టించాడు. ఫిల్ము ఉన్న డబ్బా తెరవబోతుంటే రెండు చేతులతో దాని మూత అదిమి పట్టుకున్నాను. అప్పుడే ఇంజనీరు గారి చీటీ వచ్చింది. ఆయన నాకు అరగంట ఇచ్చాడు, తరవాత శుభ్రం చేసేవాళ్ళు దిగాలి.

మనిషి పాకుతూ మాత్రమే పట్టే మ్యాన్‌హోల్లోంచి లోపలికి వెళ్ళాను. అడ్డంగా పన్నెండు, పదమూడు అడుగుల గుండ్రటి గది. పైకి చూస్తే ఇటుక వరసలు చీకట్లోకి వెళ్ళిపోతున్నాయి. ఎక్కడా అతుకు కనిపించలేదు, ఒకే రాతిని తొలిచినట్టుంది. చేత్తో తాకబోయి, నా చేతికి నూనె ఉందేమోనని ఆగిపోయాను.

నేను మధ్యలో ఇంజనీరు గారిని, పక్కన పెద్దవాళ్ళని పెట్టబోయాను. మేస్త్రీలు కదల్లేదు. వాళ్ళకో పద్ధతుందట. గుండ్రటి గోడని తొమ్మిది భాగాలు చేసుకుని, కింది నుంచి పైదాకా ఎవరి భాగం వాళ్ళే కడతారు. ఫొటోలో కూడా ఎవరు కట్టిన గోడకి వాళ్ళే ఆని నిలబడతామన్నారు. నా వీపు వెనక పడ్డ గోడలవాళ్ళు మాత్రం ముందు నేల మీద కూర్చున్నారు. బావ భాగం కుడి అంచుకి వచ్చింది.

"బావా, అక్కడ లావుగా వస్తావు," అన్నాను.

"రానీ. నా గోడ కాడే ఉంటాను."

ఇంజనీరు గారికి లెన్సు గురించి గొప్పగా చెప్పాను, అంచులు ఎలా సాగుతాయో, మధ్యలో ఉన్న ఆయన ఎందుకు చిన్నగా వస్తారో. ఆయన నవ్వి సరేనన్నాడు. మూత తీసి ఇరవై లెక్కపెట్టాలి, అంతసేపూ ఎవరూ కదలకూడదు. నేను "ఒకటి" అనగానే మేస్త్రీలందరూ కలిసి అరిచారు.

"ఒకటనకండి బాబూ, లాభం అనండి!" అన్నాడు అందరికన్నా పెద్దాయన పైడిరాజు. రెండేళ్ళుగా ఇటుకలు అలాగే లెక్కపెట్టారట. సరే, లాభం, రెండు, మూడు అని మొదలెట్టాను. పదిహేను దగ్గర పైడిరాజే తుమ్మాడు. ఒక ఫొటో పోయింది.

రెండోది తీశాక గోడ చప్పగా ఉందనిపించింది. దీపం ఎదురుగా ఉంది, అందుకే. దాన్ని తీయించి కింద నేల మీద, ఒక పక్కకి, గోడ పొడవునా వెలుగు జారేట్టు పెట్టించాను. అప్పుడు ఒక్కో ఇటుక అంచు లేచి కనిపించింది. ఆ వెలుగులో నాలుగు తీశాను. ఆఖరిదానికి ఎవరూ ఊపిరి కూడా తీయలేదు, ఇరవై అని మూత పెట్టాక అందరి ఊపిరీ ఒక్కసారే గదిలో వినిపించింది. పెద్ద పని చేశానని ఉబ్బిపోయాను.

భూతద్దం

రింగు మీద నమ్మకం లేక, మధ్యాహ్నమే గాజువాకలో ఒక స్టూడియో చీకటిగది అడిగి ఫిల్ము కడిగాను. బాగా రాకపోతే గురువారం పొద్దున్నే మళ్ళీ తీయనిమ్మని కాళ్ళు పట్టుకుందామని నా ఆలోచన. నెగటివు వెలుగుకి పట్టి చూస్తే నాలుగు మూలలా పదును. మస్తాన్ గారి సిగరెట్టు కాగితానికి దండం పెట్టుకున్నాను. పెద్ద ప్రింటు వేసి, తడి ఆరకుండానే పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

అక్క చూసి పడీపడీ నవ్వింది. "ఈయనేటి ఇంత లావయిపోనారు? నా వంట కాదిది! ఇంజనీరు గారేటి, సంటిపిల్లోడిలాగున్నారు!" తరవాత నవ్వు ఆపి గోడని చూసింది. వేలితో వరసలు పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. "ఇదంతా కట్టేరా?" అంది నెమ్మదిగా. ఆ మాట కోసమే వచ్చానని నాకు అప్పుడనిపించింది.

బావ మాత్రం నా భూతద్దం అడిగి తీసుకున్నాడు. తన మొహం చూసుకోలేదు. తన భాగం కింది వరస నుంచి మొదలుపెట్టి ఇటుక తరవాత ఇటుక చూస్తూ పైకి వెళ్ళాడు. భుజం పక్కన చెయ్యి ఆగిపోయింది.

"ఇదేటి సూరిబాబూ?" అని నన్నడిగాడు.

చూశాను. రెండు ఇటుకల మధ్య నిలువునా ఒక నల్లటి గీత. పెన్సిలుతో గీసినంత సన్నం. బంక ఆరి లోపలికి ముడుచుకుపోతే తెరుచుకున్న సందు అది. ఎదురుగా దీపం పెట్టి చూస్తే కనిపించదు, నేను పక్కనుంచి వెలుగు వేయబట్టి నీడ పడింది. నాకు అర్థమైంది.

అక్కకి నాకన్నా ముందే అర్థమైనట్టుంది. "తమ్ముడూ, నీ లెన్సు అంచుల్ని సాగదీత్తాదని నువ్వే కదా అంటావు. ఈయన్ని లావుగా సూపించినట్టే ఆ సందునీ సూపించింది. అంతే కదా? సెప్పు."

ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నన్ను ఏదీ అడగలేదు.

"అంతే బావా," అన్నాను. "లెన్సు దోషం."

అబద్ధం ఆడాను. అదీ ఎవరి మీద? పదేళ్ళుగా నాకు తిండి పెడుతున్న ఆ లెన్సు మీద.

బావ చోడంబలి, అంటే రాగి అంబలి, తాగాడు, చెయ్యి కడుక్కున్నాడు, మళ్ళీ ఫొటో ముందు కూర్చున్నాడు. "ఇలా సూడు. దీని పైనున్న వరస. ఇదీ అంచునే ఉన్నాది. ఇదీ సాగాల కదా? దీని సందు కనపడతందా నీకు?"

"లేదు."

"కింద వరస?"

"లేదు బావా."

"మరి నీ లెన్సు ఆ ఒక్క సందునే ఎందుకు సాగదీసినాది?"

అక్క గొంతు పెంచింది. "ఎవులు సూత్తారండీ? రేపు మూసేత్తారు. లోన నిప్పెట్టేత్తారు. దేవుడు కూడా సూడడు!"

"నిప్పు సూత్తాది," అన్నాడు బావ. "ఏడిగాలి ఆ సందులోకి దూరితే ఎనకాల ఇనపరేకు ఎర్రబడతాది. దాని పక్కనే మనుషులు పని సేత్తారు సత్యా." తనలో తను అనుకున్నట్టు, "ఆ ఇటిక నాకు తెలుసును. సైరను కూసీసినాది. కడుపులో ఆకలి. రెండు దెబ్బలు ఎయ్యాల్సిన కాడ ఒక దెబ్బేసి దిగిపోనాను," అన్నాడు.

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. కంచాలు కడుగుతున్న చప్పుడు మామూలు కన్నా గట్టిగా వినిపించింది.

మ్యాన్‌హోల్

గురువారం పొద్దున్న మ్యాన్‌హోల్ పక్కన ఇనుప తలుపు, బోల్టులు సిద్ధంగా పెట్టి ఉన్నాయి. బావ ప్రింటు ఇంజనీరు గారి చేతికిచ్చి, గీత మీద వేలు పెట్టి చూపించాడు. మిగతా మేస్త్రీలు చుట్టూ మూగారు. ఇంజనీరు గారు మంచివాడే. ఫొటోని దగ్గరికీ దూరానికీ పెట్టి చూసి, "ఇది ఫొటో కదయ్యా. అంచులు సాగుతాయని నిన్న ఈయనే చెప్పారుగా," అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. "ఏమండీ, లెన్సు వల్ల కావొచ్చా?"

అందరూ నన్నే చూస్తున్నారు, బావ తప్ప. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అవునంటే చాలు, తలుపు బిగిస్తారు, మధ్యాహ్నం చీటీలో మొదటి పేరు బావదే అవుతుంది. అక్క చేప ముల్లు తీస్తూ చెప్పిన మాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి గుర్తొచ్చాయి. నిన్న సాయంత్రం చేతకాని నిజం ఇవాళ చెబితే, అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు. చెప్పకపోతే బావ మొహం ఎలా చూడాలో అసలే తెలియలేదు.

"అంచుని సాగదీస్తుందండీ," అన్నాను. "లేనిదాన్ని పుట్టించదు. ఆ సందు ఉంది."

బావ తలెత్తాడు. "నీ కాడ నా కార్డున్నాదా?" అన్నాడు. జేబులోంచి తీసిచ్చాను. ఆయన, ఇంజనీరు గారు, సుత్తితో పైడిరాజు లోపలికి పాకారు.

బయట నిలబడ్డాను. నన్ను రానివ్వలేదు. లోపలి మాట ఒక్కటీ బయటికి రావడం లేదు. కార్డు దూరలేదని తెలిస్తే ఎంత బాగుండునని మొక్కుకున్నాను, నా నోటి మాట, గురువుగారి మాట రెండూ అబద్ధమైపోయినా ఫరవాలేదనుకున్నాను. తరవాత లోపల సుత్తి చప్పుడు మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఇటుక బిగించే చప్పుడో, ఊడదీసే చప్పుడో నాకు తెలియదు. పక్కనున్న మేస్త్రీల మొహాలు చూస్తే తెలిసింది.

గంట తరవాత బావ బయటికొచ్చాడు. ముందు ఒక ఇటుక బయటికి తోసి, దాని వెనక తను వచ్చాడు. కార్డు నా చేతిలో పెట్టాడు. ఒక అంచు బూడిద రంగు బంకతో మురికైంది.

"నీ అడ్రసు రాసినకాడి దాకా దూరీసినాది," అన్నాడు. "మార్చి కట్టీసినాను. ఇప్పుడు దూరదు."

ఇంకో ఫొటో తీయనివ్వమని అడిగాను. టైము లేదన్నారు. నా కళ్ళ ముందే తలుపు బిగించారు. మధ్యాహ్నం ఆరు పేర్లూ వెళ్ళాయి, బావ పేరు లేదు. సందు తేలిన మేస్త్రీని ఆ లిస్టులో పెట్టకూడదట, రూలట. ఇంజనీరు గారు బావ భుజం మీద చెయ్యేసి ఆ మాట చెప్పాడు. ఆయన మంచివాడని పైన రాశాను, అది కొట్టేయను. కానీ ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇటుక

అడిగి తెచ్చుకున్న ఆ ఇటుకని బావ గోనెసంచిలో భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూసి లిస్టు సంగతి అడగలేదు. బావ సంచి విప్పి ఇటుకని ఆవిడ ముందు పెట్టాడు.

"ఇదేనా?" అంది.

"ఇదే."

కూర్చుని ఒళ్ళోకి తీసుకుంది. బరువుకి ఒకసారి ముందుకి ఒంగింది. కొంగుతో బంక తుడిచి, నాలుగు అంచులూ వేలితో తడిమింది. "ఎంత నున్నగున్నాది," అంది. కాసేపటికి, "పోన్లెండి. రెండేళ్ళకి కట్టింది సూపించేరు," అంది, అని ఏడ్చింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. రైలుకి బయల్దేరుతుంటే చేపల పచ్చడి సీసా, పక్కింటివాళ్ళిచ్చిన మాడుగుల హల్వా పొట్లం నా పెట్టెలో లెన్సు పక్కనే సర్దింది.

తిరిగొచ్చి ఎనిమిది నెలలైంది. బావ గాజువాకలో ఇళ్ళు కడుతున్నాడు. మామూలు ఇటుక, మామూలు సిమెంటు. ఆ ఫొటో బావకి ఒకటి పంపి, ఇంకొకటి నా స్టూడియోలో పెట్టాను. వచ్చినవాళ్ళు అంచున లావుగా ఉన్న మనిషిని చూసి నవ్వుతారు. అది లెన్సు చేసిన పని అని చెబుతాను. పక్కనున్న నల్లగీత కూడా అంతేనా అంటే, కాదు, అది ఉంది, అంటాను. అందులో ఉన్న ఇటుకలన్నిట్లో నిప్పుని చూడనిది ఆ గీత పక్కనున్నదొక్కటే.

నిన్న అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పిల్లలు బాగున్నారట. పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె ఆ ఇటుక మీదే పెడుతోందట, గంట దాటినా అన్నం వేడిగానే ఉంటోందట. చివర్న ఇరికించి రాసింది: "ఫొటో ఇంకొకటి పంపించు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ మీ బావ ఆ సందు మీద వేలు పెట్టి ఇది నా తప్పు అని చూపించి చూపించి, అక్కడ కాగితం అరిగిపోయింది."